పనిని మన కొలతకు కుట్టుకుందాం

ఉద్యోగం గురించి ఆలోచించేటప్పుడు మనలో చాలామంది ముందుగా దానికి ఉన్న రూపాన్ని ఒప్పేసుకుంటాం. ఫలానా వేళకు వెళ్లాలి, ఫలానా వేళ దాకా కూర్చోవాలి, మధ్యలో ఇల్లు గుర్తుకు రాకూడదు. ఆ తర్వాత మన జీవితాన్ని అందులో ఇరికించబోతాం. ఒళ్లో పసిబిడ్డ ఉంటే ఇరకదు. మంచం పట్టిన తండ్రి ఉంటే ఇరకదు. ఊరు కదిలే వీలు లేకపోతే అసలే ఇరకదు. లోపం మనలోనే ఉందనుకుని పని మానేస్తాం. 'నాకు కుదరదులే' అన్న రెండు ముక్కల కింద ఎంత చదువు, ఎంత నేర్పు అణిగిపోతున్నాయో లెక్క కట్టేవాళ్లు లేరు.

ఆ లెక్క కట్టిన ఒక మనిషిని ఈ అధ్యాయంలో మీకు పరిచయం చేస్తాను. ఆమె పేరు స్టెఫనీ షర్లీ. సాఫ్ట్‌వేర్ అన్న మాటే జనానికి కొత్తగా ఉన్న 1962లో, ఇంగ్లండ్‌లో తన ఇంటి భోజనాల బల్ల మీద, ఆరు పౌండ్ల పెట్టుబడితో ఆమె ఒక కంపెనీ పెట్టారు. పిల్లలు పుట్టాక ఉద్యోగం వదిలేసిన మహిళా ప్రోగ్రామర్లను వెతికి పట్టుకుని, పనిని వాళ్ల ఇళ్లకే పంపారు. 2000 నాటికి ఆ కంపెనీ విలువ దాదాపు 300 కోట్ల డాలర్లకు చేరింది. అందులో పనిచేసినవాళ్లలో 70 మంది మిలియనీర్లయ్యారు.

ఈ అంకెల వెనక ఉన్న పద్ధతి మనకు ముఖ్యం. దర్జీ మన భుజం కొలత తీసుకుని గుడ్డను కత్తిరిస్తాడు. గుడ్డకు సరిపోవడం లేదని మన భుజాలను కత్తిరించడు. షర్లీ పని విషయంలో చేసింది అదే. మారని పరిస్థితిని కొలతగా తీసుకున్నారు, పనిని ఆ కొలతకు కుట్టారు. ఈ ఒక్క సూత్రం మీ చేతికి అందితే ఈ అధ్యాయం పని పూర్తయినట్టే. ఆమె జీవితంలో ఒక్కో మలుపు దగ్గర ఆగి, ఆ సూత్రం ఎలా పనిచేసిందో చూద్దాం.

లండన్ చేరిన రైలు

ఆమె 1933లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో పుట్టారు. అప్పటి పేరు వీరా బుక్తాల్. తండ్రి యూదుడు, న్యాయమూర్తి. నాజీలు ఆయన పదవి పీకేశారు. కుటుంబం వియన్నా చేరింది. అక్కడా బతుకు భద్రంగా లేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నెలల్లో దాదాపు 10,000 మంది పిల్లలను, ఎక్కువగా యూదు పిల్లలను, తల్లిదండ్రులు లేకుండా బ్రిటన్‌కు తరలించారు. ఆ ఏర్పాటును కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ అంటారు. 1939లో ఐదేళ్ల వీరా, తొమ్మిదేళ్ల అక్క రెనాటె చేయి పట్టుకుని ఆ ఏర్పాటు కింద రైలెక్కింది. లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్లో దిగింది. ముక్కూమొహం తెలియని ఒక ఇంగ్లీషు దంపతులు అక్కచెల్లెళ్లను తీసుకెళ్లి పెంచారు.

కన్న తల్లిదండ్రులు బతికి బయటపడ్డారు, తర్వాత కలిశారు. అయినా తెగిన బంధం మునుపటిలా అతుక్కోలేదని షర్లీ ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ పసితనపు గాయం నుంచి ఆమె రెండు విషయాలు మూటగట్టుకున్నారు. రేపు ఇవాళ్టిలా ఉండకపోవచ్చు, కాబట్టి మార్పును చూసి బెదరకూడదన్నది ఒకటి. ఎవరో కాపాడిన తన జీవితాన్ని, కాపాడినందుకు తగ్గట్టుగా గడపాలన్నది రెండోది.

మీ జీవితంలోనూ ఎవరో ఒకరు చేయి అందించి ఉంటారు. ఫీజు కట్టిన మేనమామ కావచ్చు, పుస్తకాలిచ్చిన మాస్టారు కావచ్చు. ఆ మేలును తలుచుకుని కుంచించుకుపోనక్కర్లేదు. 'నా మీద ఎవరో నమ్మకం ఉంచారు' అన్న ఎరుక మనిషిని నిటారుగా నిలబెడుతుంది. షర్లీని చివరిదాకా నడిపించింది ఆ ఎరుకే.

అడగనిదే అమ్మైనా పెట్టదు

బడిలో ఆమెకు లెక్కలంటే ప్రాణం. ఆమె చదివే ఆడపిల్లల బడిలో పై స్థాయి గణితం చెప్పేవాళ్లు లేరు. దగ్గర్లోని మగపిల్లల బడిలో ఉన్నారు. అక్కడికి వెళ్లి పాఠాలు వినడానికి అనుమతి అడిగి సంపాదించుకున్నారు. బడి ఉండాల్సిన తీరు మీద ఉన్న అలవాటును పక్కన పెట్టి, తనకు కావలసింది ఎక్కడ దొరుకుతుందో చూసి, అక్కడికి దారి అడిగారు. ఆ తర్వాత ఆమె చేసిన ప్రతి పనిలోనూ ఈ స్వభావమే కనిపిస్తుంది.

18 ఏళ్లకు బ్రిటిష్ పౌరసత్వం వచ్చింది, పేరు స్టెఫనీ బ్రూక్ అయింది. యూనివర్సిటీకి వెళ్లకుండా నేరుగా లండన్‌లోని డాలిస్ హిల్‌లో ఉన్న పోస్టాఫీసు పరిశోధన కేంద్రంలో ఉద్యోగంలో చేరారు. యుద్ధకాలంలో శత్రువుల రహస్య సందేశాలను ఛేదించడానికి టామీ ఫ్లవర్స్ బృందం కొలోసస్ యంత్రాన్ని నిర్మించింది అక్కడే. ఆ వాతావరణంలో ఆమె కంప్యూటర్లను మొదటి మర నుంచి కట్టడం, యంత్ర భాషలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. పగలు ఉద్యోగం, సాయంత్రం తరగతులు. ఆరేళ్లు అలా చదివి గణితంలో డిగ్రీ అందుకున్నారు.

చదువుకోవాల్సిన వయసు దాటిపోయిందని బాధపడేవాళ్లు ఈ ఆరేళ్లను గుర్తుపెట్టుకోవాలి. మూడేళ్ల చదువుకు ఆరేళ్లు పట్టిందంటే వెనకబడినట్టు కాదు. పగటి వేళలు అమ్ముడుపోయిన మనిషి తన చదువును సాయంత్రాల కొలతకు కుట్టుకున్నట్టు. సూత్రం ఇక్కడే మొదలైంది.

గోడ ఎదురైనప్పుడు

చదువు వచ్చింది, నైపుణ్యం వచ్చింది. పైకి వెళ్లే మెట్లు మాత్రం ఆడవాళ్లకు కొంతదాకానే ఉండేవి. 1959లో భౌతిక శాస్త్రవేత్త డెరెక్ షర్లీని పెళ్లి చేసుకుని, కంప్యూటర్లు రూపొందించే సీడీఎల్ అన్న చిన్న కంపెనీకి మారారు. అక్కడ పని బాగుంది, సహచరులు మంచివాళ్లు. అయినా ఒకనాడు సమావేశంలో ఆమె వ్యాపారానికి సంబంధించిన ఒక సూచన చేయబోతే, అది నీకు సంబంధించిన విషయం కాదన్నారు. సాంకేతిక పని చేసే మనిషి సాంకేతిక పనే చూసుకోవాలన్నది వాళ్ల లెక్క.

ఇలాంటి మాట పడని ఉద్యోగి ఉండరు. కొందరు ఆ మాటను మింగేసి కూర్చుంటారు. కొందరు గొడవపడి, రాజీనామా విసిరి, మళ్లీ అలాంటి చోటే చేరతారు. షర్లీ మూడో దారి పట్టారు. తనలాంటివాళ్లకు పనికొచ్చే చోటు ఎక్కడా లేదు కాబట్టి, ఆ చోటును తానే కట్టాలనుకున్నారు. అప్పటికి ఆమె బిడ్డ కోసం ఎదురుచూస్తున్నారు. తనకు ఏ పరిస్థితి రాబోతోందో అదే పరిస్థితిలో దేశమంతటా ఎందరో చదువుకున్న ఆడవాళ్లు ఇళ్లల్లో కూర్చుని ఉన్నారని ఆమెకు తెలుసు. కోపం ఆమెను బయటికి నడిపించింది. ఎక్కడికి వెళ్లాలో మాత్రం ఆలోచనే చెప్పింది.

పనిని విడదీసి చూడటం

కంపెనీ పేరు ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్. అప్పట్లో కంప్యూటర్ కొన్నవాళ్లకు సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇచ్చేవారు. దాన్ని విడిగా డబ్బిచ్చి కొనడమేమిటని జనం నవ్వారు. అందులోనూ ఒక ఆడమనిషి దగ్గర కొనడమా అని ఇంకా నవ్వారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆనాటి ప్రోగ్రామర్ పని ఎలా ఉండేదో చూడాలి. ఆనాటి కంప్యూటర్‌కు ఒక గదంతా కావాలి. అది ఎవరి ఇంట్లోనూ ఉండదు. మరి ఇంట్లో కూర్చుని ప్రోగ్రాము ఎలా రాస్తారు? పెన్సిలు, కాగితం తీసుకుని ముందు ఫ్లోచార్టు గీస్తారు. ఆ తర్వాత కోడ్‌ను కాగితాల మీద రాస్తారు. వాటిని పోస్టులో డేటా కేంద్రానికి పంపిస్తారు. అక్కడ ఆపరేటర్లు ఆ రాతను పంచ్ కార్డుల మీదో, కాగితపు టేపు మీదో రంధ్రాలుగా కొడతారు. తప్పులు దొర్లకుండా మరోసారి కొట్టి సరిచూస్తారు. చివరికి అది యంత్రంలోకి వెళుతుంది.

షర్లీ చూపు పట్టుకున్నది ఇదే. పనికి యంత్రం కావాలన్నది నిజం. ఆ యంత్రం అవసరం చివరి దశలోనే. మొదటి దశలన్నిటికీ కావలసింది బుర్ర, పెన్సిలు, బిడ్డ నిద్రపోయిన రెండు గంటల నిశ్శబ్దం. అందుకే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లను ఆమె కంపెనీ అడిగిన ప్రశ్నల్లో ఇంట్లో ఫోను అందుబాటులో ఉందా అన్నది ఒకటి. ఫోను, పోస్టు, నమ్మకం. కంపెనీకి అవే ఆఫీసు.

ఈ ఏర్పాటుతో వాళ్లు చేసిన పనుల జాబితా చూడండి. బస్సుల వేళలు, సరుకు రవాణా రైళ్ల రాకపోకలు, గోదాముల్లో నిల్వల లెక్కలు. శబ్దం కన్నా వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానపు బ్లాక్ బాక్స్ ప్రోగ్రాములను కూడా ఇళ్లల్లో కూర్చున్న ఈ మహిళలే రాశారు. మొదటి 300 మంది సిబ్బందిలో 297 మంది ఆడవాళ్లే. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇళ్ల నుంచి పనిచేస్తుంటే అది కొత్త యుగమన్నాం. కంప్యూటరు కూడా ఇంట్లో లేని రోజుల్లోనే ఆ మహిళలు దాన్ని చేసి చూపించారు.

ఇక్కడ మనకు దొరికే పనిముట్టు ఇది. 'ఈ పని ఇంటి నుంచి కుదరదు', 'పూట పనిగా కుదరదు' అని ఎవరైనా అంటే, మీకు మీరే అనుకున్నా, ఆ పనిని దశలుగా విడదీయండి. ప్రతి దశ పక్కన మూడు ప్రశ్నలు రాయండి. దీనికి నిజంగా ఫలానా చోటే కావాలా? ఫలానా వేళే కావాలా? ఫలానా మనిషే కావాలా? పది దశల్లో చాలావాటికి 'అక్కర్లేదు' అన్న జవాబే వస్తుంది. మిగిలిన ఒకటి రెండు దశలకు ఏర్పాటు చేసుకుంటే చాలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే యజమానితో వాదించేటప్పుడు కూడా ఈ కాగితమే మీకు ఆధారం. 'నాకు కష్టంగా ఉంది సార్' అంటే జాలి దొరుకుతుందేమో. 'ఈ ఏడు దశలు ఇంటి నుంచి చేస్తాను, ఈ రెండింటికి మంగళవారం, శుక్రవారం వస్తాను' అంటే ఒప్పందం దొరుకుతుంది.

స్టీవ్ అన్న సంతకం

పని సిద్ధంగా ఉంది, చేసేవాళ్లు ఉన్నారు. పని ఇచ్చేవాళ్లు మాత్రం జవాబివ్వడం లేదు. స్టెఫనీ షర్లీ అన్న సంతకంతో వెళ్లిన ఉత్తరాలు చెత్తబుట్టల్లోకి పోతున్నాయి. అప్పుడు భర్త డెరెక్ ఒక సలహా ఇచ్చారు: ఇంట్లో అందరూ పిలిచే ముద్దుపేరు స్టీవ్ కదా, దాంతోనే సంతకం పెట్టు. జవాబులు రావడం మొదలైంది. వచ్చింది ఆడమనిషి అని అవతలివాళ్లకు తెలిసేసరికి ఆమె వాళ్ల గదిలో కూర్చుని పని గురించి మాట్లాడుతుండేవారు.

ఇంట్లో ఫోను మోగినప్పుడు పిల్లల ఏడుపు వినపడకుండా టైపు మిషన్ల చప్పుడు రికార్డు చేసిన టేపును వెనక నుంచి వినిపించేవారు. ఇవి చిన్న చిన్న యుక్తులు. ఈ యుక్తుల హద్దు కూడా గమనించండి. లేని అర్హతను ఉందని ఆమె చెప్పలేదు. చేయలేని పనిని చేస్తానని ఒప్పుకోలేదు. పనికి సంబంధం లేని కారణంతో మూసుకున్న తలుపును తెరిపించారు, అంతే. తలుపు దాటాక ఆమెను నిలబెట్టింది పని నాణ్యత.

మీ ముందు మూసి ఉన్న తలుపు దగ్గర కూడా ఇదే పరీక్ష పెట్టుకోండి. నన్ను వద్దంటున్నది నా పనికి సంబంధించిన కారణంతోనా, మరో కారణంతోనా? పనికి సంబంధించినదైతే నేర్చుకోవాలి. ఐదేళ్లు విరామం తీసుకున్నవాళ్లు ఆ ఐదేళ్లలో రంగంలో ఏం మారిందో మూడు నెలలు కూర్చుని చదువుకోక తప్పదు. మరో కారణమైతే చేరే దారి మార్చాలి. దరఖాస్తు పంపి ఎదురుచూసే బదులు చేసిన పని నమూనాను ముందు చూపించండి. పాత సహోద్యోగి చేత ఒక ఫోను చేయించండి. చిన్న పనితో మొదలుపెట్టి, దాన్ని మచ్చ లేకుండా చేసి, తర్వాత పెద్దది అడగండి.

గంటలను అమ్మకండి, ఫలితాన్ని అమ్మండి

షర్లీ వ్యాపార జీవితంలో చాలామంది దాటవేసే ఒక నిర్ణయం ఉంది. నాకు మాత్రం అదే కీలకంగా తోస్తుంది. తన సిబ్బంది ఇళ్లల్లో కూర్చుని, రోజుకు కొన్ని గంటలే పనిచేస్తారని కస్టమరుకు తెలిస్తే అనుమానిస్తాడు. గంటల లెక్కన బిల్లు వేస్తే ఆ గంటలు ఎవరు, ఎక్కడ, ఎలా గడిపారన్న ప్రశ్న వస్తుంది. అందుకని పని మొత్తానికి ఒకే ధర చెప్పే పద్ధతి పెట్టారు. ఆ రంగంలో అలా చేసిన తొలివాళ్లలో ఆమె ఒకరు. ఫలానా తేదీకి, ఫలానా ప్రోగ్రాము, ఇంత ధర. రాత్రి పదింటికి రాశారా, తెల్లవారుజామున రాశారా అన్నది ఇక కస్టమరుకు అవసరం లేని విషయం.

ఇంటి నుంచి చిన్న పని చేసే ప్రతి ఒక్కరూ ఈ లెక్క నేర్చుకోవాలి. ఒక ఉదాహరణ వేసుకుందాం. మీరు అనువాదకులు, 100 పేజీల పుస్తకం వచ్చింది. గంటకు రెండు పేజీల చొప్పున 50 గంటలు. తిరిగి చదివి దిద్దుకోవడానికి 10 గంటలు. అడిగిన మార్పులు చేయడానికి 10 గంటలు. బిడ్డకు జ్వరం, కరెంటు కోత లాంటి అవాంతరాలకు మరో 15 గంటలు. మొత్తం 85 గంటలు. మీ గంట విలువ 300 రూపాయలనుకుంటే ధర 25,500 రూపాయలు. 50 గంటల లెక్కన 15,000 చెప్పేసి, ఆనక నిద్ర మానుకుని పనిచేయడం వల్లే చాలామంది ఇంటి వ్యాపారం ఏడాది తిరక్కుండా మూతపడుతుంది.

ధరతో పాటు మూడు విషయాలు కాగితం మీద పెట్టండి. ఏమేం చేస్తారు, ఏవి చేయరు, మార్పులు ఎన్నిసార్లు చేస్తారు. డబ్బు మూడు విడతలుగా అడగండి: మొదట్లో కొంత, సగం పనికి కొంత, పూర్తయ్యాక మిగతాది. తెలిసినవాళ్లకైనా సరే ఇలాగే రాసివ్వండి. మొహమాటంతో రాసుకోకపోతే తర్వాత ఆ చుట్టరికమే చెడుతుంది.

నమ్మకానికి కూడా పద్ధతి ఉండాలి

ఎవరినీ కళ్లెదుట చూడకుండా వందలమందితో పని చేయించడం ఎలా సాధ్యమైందని అడిగితే, సిబ్బందిని నమ్మామన్నదే షర్లీ జవాబు. ఆ నమ్మకానికి ఆమె కంపెనీ పునాది కూడా వేసింది. పని ఎలా చేయాలి, ఏ దశలో ఎవరు సరిచూడాలి అన్న ప్రమాణాలను తొలినాళ్లలోనే రాసిపెట్టుకుంది. నమ్మకం, తనిఖీ ఒకదానికొకటి శత్రువులన్నది మనలో పాతుకుపోయిన పొరపాటు. తనిఖీ పద్ధతి రాసి ఉన్నప్పుడు దాన్ని ఎవరూ అవమానంగా తీసుకోరు. పద్ధతి లేని చోటే యజమాని మనసులో అనుమానం మొలుస్తుంది. ఉద్యోగి నొచ్చుకుంటాడు.

మీ కింద ఇద్దరే పనిచేస్తున్నా సరే, పని పూర్తయిందంటే ఏమిటో ఒక పేజీలో రాసివ్వండి. ఎన్ని గంటలు కూర్చున్నారని అడగడం మానేసి, ఆ పేజీ ప్రకారం వచ్చిందా అని చూడండి.

1975లో బ్రిటన్‌లో లింగ వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. ఆడవాళ్ల మేలు కోసం వచ్చిన ఆ చట్టం ప్రకారం, ఆడవాళ్లకే ప్రాధాన్యమివ్వాలన్న షర్లీ కంపెనీ విధానమూ చెల్లకుండా పోయింది. ఆమె మగవాళ్లనూ తీసుకున్నారు, కంపెనీ ముందుకు సాగింది. పద్ధతి బలంగా ఉన్న సంస్థ నియమం మారితే తట్టుకుంటుంది.

గైల్స్

కంపెనీ కథ చెప్పి ఇక్కడ ఆపేస్తే అది సగం నిజమే అవుతుంది. 1963లో షర్లీ దంపతులకు కొడుకు పుట్టాడు. పేరు గైల్స్. ముద్దులొలికే బిడ్డ. రెండేళ్లు దాటాక, వచ్చిన మాటలు పోయాయి. మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. తీవ్రమైన ఆటిజం అని తేలింది. ఎదిగేకొద్దీ బిడ్డను సంభాళించడం తల్లిదండ్రులకు శక్తికి మించిన పనైంది. ఒక దశలో షర్లీ మానసికంగా కుప్పకూలారు. గైల్స్‌ను ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. మరోపక్క 1970ల తొలినాళ్ల మాంద్యంలో కంపెనీ దివాలా అంచుదాకా వెళ్లి వచ్చింది.

గొప్పవాళ్ల కథల్లో కష్టాలన్నీ విజయానికి మెట్లుగా చూపించడం మన పుస్తకాలకు అలవాటు. ఈ బాధ మెట్టేమీ కాదు. అది బాధే, చివరిదాకా ఉంది. గైల్స్ 1998లో, 35 ఏళ్ల వయసులో, మూర్ఛ వచ్చి నిద్రలోనే చనిపోయాడు. షర్లీ చేసిందల్లా, తన బిడ్డకు కావలసిన చోటు ఎక్కడా లేకపోతే, ఇక్కడ కూడా ఆ చోటును కట్టడమే. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఆసుపత్రిలో కాకుండా ఇంట్లో బతికేందుకు ఒక సంస్థ పెట్టారు. అందులో మొదటి ఇంట్లో మొదట చేరింది గైల్సే. బర్క్‌షైర్‌లో ప్రయర్స్ కోర్ట్ అనే ఆవాస పాఠశాల నెలకొల్పారు. అది 1999లో తెరుచుకునేసరికి కొడుకు లేడు. పరిశోధన కోసం ఆటిస్టికా అన్న సంస్థ కూడా ఆమె చొరవతోనే వచ్చింది.

ఇలాంటి బిడ్డను పెంచుతూ ఈ పేజీ చదువుతున్న తల్లిదండ్రులకు ఒక మాట. అంత సమర్థురాలికీ ఒంటరిగా మోయడం చేతకాలేదు. మీరు అలసిపోవడం మీ ప్రేమలో లోటు కాదు. డాక్టరు సాయం అడగండి, మీలాంటి తల్లిదండ్రుల బృందాన్ని వెతుక్కోండి. వారంలో కొన్ని గంటలైనా బిడ్డను మరొకరికి అప్పగించి ఊపిరి పీల్చుకునే ఏర్పాటు చేసుకోండి. ఆ గంటలు కూడా మీ కొలతల్లో భాగమే.

చేతిలోంచి వదలడం

సొంతంగా కట్టిన సంస్థను పట్టుకు కూర్చోవడం సులువు. 1987లో షర్లీ కంపెనీ పగ్గాలను హిలరీ క్రాపర్ అనే సమర్థురాలికి అప్పగించారు. 1993లో 60 ఏళ్లకు విరమించుకున్నారు. అంతకన్నా పెద్ద నిర్ణయం వాటాల విషయంలో తీసుకున్నారు. కంపెనీలో నాలుగో వంతును సిబ్బంది చేతికి వచ్చేలా చేశారు. దాని ఖర్చు ఆమె సొంత వాటాదే, ఇంకెవరి జేబుకూ చిల్లు పడలేదు. 1996లో కంపెనీ షేర్లు లండన్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లోకి వచ్చాయి. 70 మంది మిలియనీర్లు పుట్టింది ఈ నిర్ణయం వల్లే. కంపెనీ పేరు ఎఫ్ ఇంటర్నేషనల్, ఎఫ్ఐ గ్రూప్, జాన్సా అంటూ మారుతూ, 2007లో స్టెరియా అన్న సంస్థలో కలిసింది.

తన సంపదలో అధిక భాగాన్ని కూడా ఆమె బతికుండగానే పంచేశారు. ఆటిజం సేవలకు, సాంకేతిక రంగానికి ఇచ్చారు. 2001లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఇంటర్నెట్ సమాజాన్ని ఎలా మారుస్తోందో అధ్యయనం చేసే సంస్థ ఆమె ఫౌండేషన్ ఇచ్చిన కోటి పౌండ్లతో మొదలైంది. బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీకి తొలి మహిళా అధ్యక్షురాలిగా పనిచేశారు, 2000లో డేమ్ బిరుదు అందుకున్నారు. 2025 ఆగస్టులో 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆమె ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'లెట్ ఇట్ గో'.

ఉన్నదంతా పంచమని ఈ అధ్యాయం అడగడం లేదు. మీ సంస్థ పెరగడంలో ఎవరి చేయి ఉందో వాళ్లకు ఆ పెరుగుదలలో వాటా ఉండాలంటోంది. ఇద్దరు పనివాళ్లున్న టైలరింగ్ షాపైనా, కర్రీ పాయింటైనా ఏడాది చివర లాభంలో ఒక శాతాన్ని ముందే చెప్పి పంచొచ్చు. దసరాకి యజమాని దయతో ఇచ్చే మామూలు వేరు, హక్కుగా వచ్చే వాటా వేరు. హక్కుగా వాటా ఉన్న మనిషి షాపు తాళం తన దగ్గర లేకపోయినా షాపును తనదిగా చూసుకుంటాడు.

ఈ వారం చేయాల్సిన పనులు

1. ఒక కాగితం మీద మీ జీవితంలో వచ్చే రెండేళ్లలో మారని పరిస్థితులన్నీ రాయండి: బిడ్డ వయసు, పెద్దల ఆరోగ్యం, ఉండే ఊరు, చేతిలో ఉన్న గంటలు. ఫిర్యాదులా రాయకండి, కొలతల్లా రాయండి. 'తీరిక లేదు' అన్నది ఫిర్యాదు. 'ఉదయం పదిన్నర నుంచి ఒంటిగంట దాకా, సోమవారం నుంచి శుక్రవారం' అన్నది కొలత.

2. మీకు వచ్చిన పనుల్లో ఒకదాన్ని ఎంచుకుని దశలుగా విడదీయండి. చోటు, వేళ, మనిషి అన్న మూడు ప్రశ్నలూ ప్రతి దశకూ వేయండి.

3. మీ కొలతల్లో ఇమిడే దశలతో ఒక చిన్న పని రూపం గీయండి. దానికి గంటల లెక్కన కాకుండా ఫలితం లెక్కన ధర కట్టండి. అవాంతరాల గంటలు కలపడం మరవకండి.

4. మీలాంటి పరిస్థితిలోనే ఉన్న మరో ఇద్దరి పేర్లు రాయండి. అపార్టుమెంటులో, పాత కాలేజీ బ్యాచ్‌లో, బంధువుల్లో చూస్తే తప్పకుండా ఉంటారు. ఒకరికి కుదరని రోజున మరొకరు పని అందుకునే ఏర్పాటు గురించి వాళ్లతో మాట్లాడండి. షర్లీ వ్యాపారం నిలబడింది ఒక్క మనిషి పట్టుదల మీద కాదు, ఒకే రకం ఇబ్బంది ఉన్న వందలమందిని ఒక తాటి మీదికి తేవడం మీద.

5. ఒక తలుపు తట్టండి. పాత మేనేజరుకు ఫోను చేయడం కావచ్చు, మీ పేటలోని వ్యాపారికి మీ పని నమూనా చూపించడం కావచ్చు. వద్దంటే, ఎందుకు వద్దన్నారో అడిగి రాసుకోండి. పనిలో లోటైతే నేర్చుకునే జాబితాలోకి వెళుతుంది. మరొకటైతే చేరే దారి మార్చుకునే జాబితాలోకి వెళుతుంది.

మొదటి ప్రయత్నానికే ఈ కొలతలు సరిగ్గా కుదరకపోవచ్చు. రెండు నెలలకోసారి కాగితం తీసి దిద్దుకోండి. బిడ్డ బడికి వెళ్లడం మొదలవుతుంది, కొత్త గంటలు చేతికొస్తాయి. నాన్నగారి ఆరోగ్యం కుదుటపడుతుంది, లేదా ఇంకాస్త సమయం అడుగుతుంది. పరిస్థితి మారిన ప్రతిసారీ పని రూపమూ మారాలి. అలా మార్చుకునే హక్కు మీకుంది. రేపు మీ దగ్గర ఎవరైనా పనికి చేరితే ఆ హక్కు వాళ్లకూ ఉంటుంది. పనిలో పెట్టుకునే ముందు వాళ్ల కొలతలు కూడా అడగండి.